పెద్ద గంజుల కాలం

దుబాయ్‌ల అల్ ఖూజ్ దిక్కున్న మా లేబర్ క్యాంపుకు కొత్తగ ఎవడొచ్చినా నాలుగు దినాలల్ల నా దగ్గరికి ఒకటే ప్రశ్న పట్టుకొస్తడు. "కాకా, నువ్వు అమెరికోళ్ల యుద్ధంల పని చేసినవంట గదా! తుపాకి పట్టినవా?"

తుపాకి లేదు, తోక లేదు. గరిటె పట్టిన. అఫ్ఘానిస్తాన్‌ల అమెరికా పటాలానికి ఏండ్లకేండ్లు వంట చేసిన. దుబాయ్‌ల ఏజెంటు "పెద్ద మెస్సుల పని" అని విమానం ఎక్కించిండు. దిగి చూస్తే చుట్టూ మంచు గుట్టలు, నడుమ ఇసుక బస్తాలు, ఫిరంగులు. మొదటి దినం వాణ్ని తిట్టిన, నన్ను నేను తిట్టుకున్న, రెండో దినం కూసోని ఉల్లిగడ్డలు కోసిన.

యుద్ధం చరిత్ర రాసేటోళ్లు మ్యాపులు ముంగటేసుకొని రాస్తరేమో. మాకు మా వంట గంజులు చెప్పేటియి. ఒక ఏడాది పటాలం మీద పటాలం దిగింది. చిన్న గంజులన్నీ మూలకు పోయినయి. పిల్లలకు ఈత నేర్పేటంత గంజులు వచ్చినయి. ఓహో, అమెరికోళ్లు కొట్లాట పెంచుతున్నరని మాకు గప్పుడు తెలిసింది. సిపాయిలు గుట్టలల్లకు పోయి, రోజుల తరబడి కొట్లాడి, కనురెప్పల మీద దుమ్ముతోటి వరుసల నిలబడేటోళ్లు. కొన్ని దినాలు తినేటోళ్లు తిరిగి రాక వండింది వండినట్టే మిగిలేది. ఆ దినం ఎవ్వల్ని ఏమడగొద్దు, సప్పుడు చెయ్యకుంట గిన్నెలు తోముకోవాలె.

మా మెస్సుకు పెద్దగ ఒక ఆడ సార్జెంటు ఉండె. ఆమె పొడుగు చూసి మొదట్ల జర భయపడ్డ. రాకెట్లు పడేటప్పుడు సైరన్ మోగితే అందరం ఇనుప బల్లల కింద బోర్ల పండుకోవాలె. ఒకపారి పండుకున్న గని, పొయ్యి మీద ఆలుగడ్డలు మాడుతున్నయి. వాసన ముక్కుకు కొడుతుంటే వంటోని పాణం ఆగుతదా? లేచి పొయ్యి బంద్ చెయ్యబోయిన. ఆమె నా కాలర్ పట్టి ఒక్క గుంజుడు గుంజితే మళ్ల బల్ల కిందనే పడ్డ. సైరన్ ఆగినంక మాడిన ఆలుగడ్డ ఒకటి తీసి నోట్లేసుకొని, "బాగున్నది" అన్నది. ఎంత మంచి మనిషో!

మెస్సుల ఒక మూలకు చిన్న బల్ల ఉండేది. మీద తెల్లబట్ట, బోర్లేసిన గ్లాసు, పళ్లెంల నిమ్మకాయ ముక్క, చిటికెడు ఉప్పు. ఆ కుర్చీల ఎవ్వలు కూసునేది లేదు. తిరిగి రాని సిపాయిలకని ఆమె చెప్పింది. మనం పెత్తరమాసకు పెద్దలకు పెట్టుకుంటం గదా, గట్లనే అనుకున్న. నిమ్మకాయ ముక్క మార్చే పని నాది. అది నాకు ఎవ్వలు చెప్పలే, నేనే మీదేసుకున్న.

యుద్ధం యాదికొస్తదని ఎవడన్న అంటడా? అంటే పిచ్చోడంటరు. గని నాకు యాదికొస్తది. ఆ పొద్దటి మంచు, పొయ్యిల వేడి, నాతోటి వండే నేపాలోళ్ల పాటలు, పిల్లల ఫొటోలు చూపించి మురిసిపోయే ఆ సిపాయిలు. 

తర్వాత గంజులు చిన్నగైనయి. ఇంక చిన్నగైనయి. 2021 ఎండాకాలంల "ఖలాస్, అందరు సామాను కట్టుకోండ్రి" అని మమ్మల్ని దుబాయ్‌ల దింపిన్రు. అక్కడ నైఫ్ బస్తీల ఒక రూముల మంచం దొరికింది. ఆగస్టుల ఒకరోజు పక్క మంచమాయన ఫోన్ చూపెట్టిండు. అమెరికోళ్లు పోయిన్రు, మేం వండిన జాగల ఎవ్వరెవ్వరో తిరుగుతున్నరు. బల్లలు తలకిందులు పడున్నయి. ఎవ్వలు గెలిచిన్రు, ఎవ్వలు ఓడిన్రు, నాకేమెరుక? నా వంటిల్లు పోయిందని మాత్రం ఎక్కెక్కి ఏడ్చిన. "అమెరికోడే ఏడుస్తలేడు, నీకేంది బాధ?" అని ఆయన నవ్విండు. నాకు మండింది గని, అడిగినదాంట్ల తప్పేమున్నది?

ఏడ్సుకుంట కూసుంటే నడువది గదా. విజిట్ వీసా అయిపోవస్తున్నది. నా వయసు యాభైకి దగ్గర పడ్డది. ఒక్కపారి ఊరికి పోతే ఈ వయసు వంటోణ్ని మళ్ల ఎవ్వలు పిలుస్తరు? అల్ ఖూజ్‌ల ఈ క్యాంపు మెస్సుకు వంటోడు కావాలని తెలిసి ఉరికొచ్చిన. అంత మనోళ్లే, జగిత్యాల దిక్కోళ్లు, నిర్మల్ దిక్కోళ్లు. మెస్సు నడిపేటాయన మలబారీ, కేరళ మనిషి. "ఒక్క పూట వండు, నీ వాళ్లు తింటే నౌకరి నీది" అన్నడు. నా వాళ్లకు నేను వండుడు గదా, అదేం పెద్ద పని అని కాలర్ ఎగరేసిన.

కోడి కూర, పప్పు వండిన. మంచిగనే వండిన అనుకున్న. మొదటి ముద్ద పెట్టుకున్న ప్లంబర్ పిలగాడు నా మొఖం చూసి, "కాకా, ఎవలకన్న పాణం బాగలేదా? దవాఖాన కూర లెక్కున్నది" అన్నడు. మెస్సంత పక్కున నవ్వింది. ఒక్కొక్కడు లేచి ఊరినుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కు సీసా తెచ్చుకున్నడు. నా కూర చెత్త డబ్బాల పడ్డది. ఏమైందంటే, ఏండ్లకేండ్లు సిపాయిల నోటికి వండి వండి నా చెయ్యి కారం మర్చిపోయింది. చెయ్యి ఒక్కటేనా, నాలుక కూడ. ఆ కూర నేను రుచి చూసే వడ్డించిన మరి!

మలబారీ చేతులు దులుపుకున్నడు. "తుమ్ కుక్ హై యా కంపౌండర్?" అన్నడు, నువ్వు వంటోనివా దవాఖానోనివా అని. సిగ్గిడిసి బతిమిలాడిన. ఎట్లైనా పొయ్యేటోడే గదా, ఇంకొక్కపారి చూద్దం అనుకున్నడేమో, రేపు శుక్రవారం పొద్దటి నాష్టా నీకే ఇడుస్తున్న, అది గూడ చెడగొడితే సామాను కట్టుకో అన్నడు.

నా నాలుక మీద నాకే నమ్మకం లేకపాయె. ఏం వండాలె? ఆలోచిస్తుంటే అమెరికోళ్ల పొద్దటి వరుస యాదికొచ్చింది. అక్కడ పెనం ముంగట వంటోడు నిలబడాలె, వచ్చిన ప్రతి మనిషిని "గుడ్డెట్ల కావాలె?" అని అడగాలె. పెద్ద ఆఫీసరైనా అంతే, నిన్న మొన్న మీసమొచ్చినోడైనా అంతే. గుట్టలల్లకు చావుకెదురు పోయేటోడు గూడ పచ్చసొన పలగొద్దు, అంచు మాడొద్దు అని చెప్పి మరీ ఏయించుకునేటోడు. నాకు తెల్వకపోతేంది, వీళ్ల రుచి వీళ్ల నోటితోనే చెప్పిచ్చుకుంట అనుకున్న.

శుక్రవారం సెలవు. పని బస్సు లేదు, తొందర లేదు. పెద్ద పెనం పెట్టి నిలబడ్డ. వరుసల మొదలు ఆ ప్లంబర్ పిలగాడే.

"గుడ్డెట్ల కావాలె తమ్మీ?"

వాడు వెనక్కి తిరిగి చూసిండు, ఇంకెవర్నో అడుగుతున్న అనుకొని. "ఎట్లంటే?"

"నీకెట్ల కావాలెనో చెప్పు, అట్లేస్త."

"నీ ఇష్టం కాకా."

"నా ఇష్టం నడువది. నువ్వు చెప్పాలె."

క్యాంపు మెస్సుల ఎవ్వలడుగుతరు? గరిటెతోటి పోసింది తినాలె, లేకుంటే ఉపాసముండాలె.  వాడు మెల్లగ, "ఉల్లిగడ్డ మస్తుగ, పచ్చిమిరపకాయ సన్నగ కోసి, అడుగు జర మాడాలె" అన్నడు. చెప్పినట్టే ఏసిన. నిలబడే తిన్నడు. 

ఇగ చూడు, వరుసల కొట్లాటే కొట్లాట! ఒకడు పొరటు అన్నడు. ఒకడు ఉప్పు కారం జల్లి తిరగెయ్యకు అన్నడు. కారం ఎంత అంటే "ఆపు అనేదాక పొయ్యి" అన్నడు ఇంకొకడు. నా తోటి వయసు మేస్త్రి ఒకాయన తన వంతు వచ్చినంక గూడ ఆలోచించుకుంట నిలబడ్డడు, పక్కకు జరిగి ఇద్దర్ని ముందుకు పోనిచ్చిండు. ఎవ్వలు తొక్కు సీసా తియ్యలే. మలబారీ చేతులు కట్టుకొని చూసి చూసి, తనే పళ్లెం పట్టుకొని వరుసల నిలబడ్డడు. "ప్రతి శుక్రవారం ఇట్లనే చెయ్యి. మిగిలిన దినాలకు కారం నేర్చుకో" అన్నడు. నౌకరి నాదైంది. అక్కడనే స్టూలు మీద కూసున్న.

అప్పుడు ఆ ప్లంబర్ పిలగాడు వచ్చి నా చేతిలకెల్లి అట్లకర్ర గుంజుకున్నడు. "నువ్వు తినలే గదా కాకా. గుడ్డెట్ల కావాలె?"

పటాలానికి పటాలాన్ని అడిగిన. నన్ను అడిగినోడు లేడు. నన్ను నేను గూడ అడుక్కోలే.

"నీ ఇష్టం తమ్మీ" అన్న.

"నా ఇష్టం నడువది" అన్నడు వాడు. అందరు నవ్విన్రు. వాడు పెనం మీద నూనె పోసి, గుడ్డు చేతిల పట్టుకొని నా జవాబు కోసం చూస్తున్నడు. నేను ఎంత ఆలోచించినా, నాకు గుడ్డెట్ల ఇష్టమో నాకు తెల్వకపాయె.