మద్రాసు నుంచి ఢిల్లీ... కిందికా, పక్కకా?

మా చిన్నప్పుడు... కేజీఎఫ్ బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన కొన్నేళ్ళకు, అక్కడి ఆండర్సన్‌పేట బడిలో సోషల్ మిస్సు నన్ను లేపి అడిగింది, "మద్రాసు నుంచి ఢిల్లీ ఎంత దూరం?"

"కిందికా మిస్, పక్కకా?" అన్నాను ఠక్కున.

బెంగళూరు నుంచి కొత్తగా వచ్చిన ఆవిడ పగలబడి నవ్వింది. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు... అందరి నాన్నలూ గనిలోనే కదా! మా ఇళ్ళల్లో దూరం అంటే లోతు. "మీ నాయిన ఎంత దూరంలో పని చేస్తాడే?" అంటే "ఎనిమిది వేల అడుగులు" అని గొప్పలు పోయేవాళ్ళం.

"పక్కకే తల్లీ! రైల్లో రెండు రాత్రులు, విమానంలో రెండున్నర గంటలు" అంది మిస్సు కళ్ళు తుడుచుకుంటూ.

రెండున్నర గంటలే! నాయన ఒక్క షిఫ్టులో ఢిల్లీ పోయి, అన్నం తిని, తిరిగొచ్చేయొచ్చు... ఈ మాట ఆయన చెవిన వేయాలని ఒకటే ఆత్రం.

ఇంట్లో కాలు పెట్టానో లేదో నేల అదిరింది. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. గని లోపల బండ పగిలితే అలా అదిరేది, 'ఏర్‌బ్లాస్టు' అనేవాళ్ళం. అలవాటే... కానీ ఆ రోజు సైరన్ కూడా మోగింది. సంగటి కెలుకుతున్న అమ్మ తెడ్డు అలాగే వదిలేసి, నా చెయ్యి పట్టుకుని గని గేటుకు పరుగెత్తింది.

"యాడుండాడప్పా మా ఆయన?" అని గేటు మనిషిని అడిగింది.

"లోపలే ఉండాడమ్మా. దావ మూసుకొనింది. లోపల్నించి గొట్టం మీద కొడతా ఉండారంట, బతికే ఉండారు. ఇంగ కొంచేపే."

ఆ కొంచేపు తెల్లారినా అయిపోలేదు. అమ్మకు ధైర్యం చెబుదామని, "ఢిల్లీకి రెండున్నర గంటలేనంటమ్మా" అన్నాను. ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి!

"ఢిల్లీ ఎవురిక్కావాలే! మీ నాయిన మన కాళ్ళ కిందనే ఉండాడు... ఆడికి పొయ్యేకి దావ లేదే" అని అప్పుడు ఏడ్చింది.

మధ్యాహ్నానికి నాయనను పైకి తెచ్చారు. బతికాడు. వారం తిరక్కుండా మళ్ళీ షిఫ్టుకు తయారయ్యాడు. అమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"పోకపోతే ఈ ఇల్లూ పోతాది. పిల్లోళ్ళను తీసుకొని యాడికి పోదామే?" అన్నాడు.

అది గనివాళ్ళిచ్చిన లైను ఇల్లు మరి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే... మాకది ఉత్త సామెత కాదు. అమ్మ పక్కకు తప్పుకుంది.

ఆయన టోపీ పెట్టుకుంటుంటే ఇంక దాచుకోలేక ఢిల్లీ సంగతి చెప్పేశాను. శ్రద్ధగా విన్నాడు.

"నడి మధ్యలో దిగిపోవల్లంటే దింపుతారా పాపా?"

"దింపరు నాయినా."

"అట్లయితే అదీ షిఫ్టేలే" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు గనులు మూతపడ్డాయి... నాయనా లేడు. నేను పని మీద బెంగళూరు నుంచి ఢిల్లీకి ఎగిరిపోతుంటాను. "ప్రపంచం ఎంత దగ్గరైపోయిందో!" అంటారు అందరూ. నిజమే... కానీ విమానం తలుపు వేసేటప్పుడు "అదీ షిఫ్టేలే" అన్న నాయన మాటే వినబడుతుంది. ఈ ఉద్యోగం కాకపోతే ఇంకోటి, నాకు నడుమ దిగిపోయే వీలుంది. నాయనకు లేదు... మా కోసం ఆ షిఫ్టులోంచి దిగిపోలేదు.

మీ ఇంట్లో అలా మీ కోసం నడుమ దిగిపోకుండా ఉండిపోయినవాళ్ళెవరు? చెప్పండి... వింటాను.