సమాధి ముందు పెట్టిన దండ

రెండు వేల తొమ్మిదిలో, వర్జీనియాలో, నాకు ఐదో నెల నిండే రోజుల్లో అత్తగారు మా దగ్గర ఉన్నారు. అమ్మకి వీసా రాలేదు, అందుకని ఆవిడ వచ్చారు. అంతకుముందు ఏడాది ఒకసారి గర్భం పోయింది కాబట్టి నన్ను కాలు కింద పెట్టనిచ్చేవారు కాదు. నాకు ఒళ్ళు మండేది.

ఒక శనివారం మా ఆయన మమ్మల్ని, విప్లవం నడిపి ఈ దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన సేనాని ఇల్లు చూపించడానికి తీసుకెళ్ళాడు. ఇల్లు చూసి కొండ వాలు దిగుతుంటే, సేనాని సమాధి అటు అని బోర్డు కనిపించింది. అత్తగారు అక్కడే ఆగిపోయారు.

“కడుపుతో ఉన్నదానివి, సమాధి దగ్గరికి వద్దమ్మా. కార్‌లో కూర్చుందాం పద.”

“ఇది శ్మశానం కాదు అత్తయ్యా, మ్యూజియం. టికెట్ కొనుక్కుని వచ్చాం.”

ఆవిడ చెట్టు కింద నిలబడిపోయారు. నేను దిగాను. నిజానికి రెండు రోజులుగా లోపల కదలిక తెలియడం లేదు. చెబితే ఆవిడ హడావుడి చేస్తారని ఎవరికీ చెప్పలేదు.

వాలులోకి తొలిచి కట్టిన ఎర్ర ఇటుకల గది. ఇనుప గేటు తెరిచి ఉంది. బయట ఎండ మండిపోతున్నా లోపలినుంచి చెమ్మ వాసన వస్తోంది. గైడ్ పచ్చటి ఆకుల దండ పట్టుకుని, లోపల పెట్టడానికి ఎవరైనా వస్తారా అని అడిగింది. నేను చెయ్యెత్తాను. అత్తగారు చూడాలనే ఎత్తాను.

రాతి శవపేటిక ముందు దండ పెట్టి లేచేసరికి భయం వేసింది. వెనక్కి చూస్తే, పైన చెట్టు కింద అత్తగారు కళ్ళు మూసుకుని ఉన్నారు.

ఇంటికి రాగానే, “తలస్నానం చేసి రా అమ్మా” అన్నారు. ఎదురు చెప్పకుండా చేశాను.

సోమవారం స్కాన్‌లో టెక్నీషియన్ స్క్రీన్‌ని నాకు కనిపించకుండా తిప్పేసింది. గుండె ఆగి నాలుగైదు రోజులై ఉంటుందని డాక్టర్ చెప్పింది. అంటే శనివారానికి ముందే.

ఆ మాట అత్తగారికి రెండుసార్లు చెప్పాను, రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ. ఆవిడ నా తల దువ్వుతూ కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఆ కొండ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే, నా తప్పు లేదని పోట్లాడేదాన్ని.