ఎర్ర రంగు గోలెం

బాపుకు పెద్దపేగులో కేన్సర్ గడ్డ కోసి తీశాక పట్నం డాక్టరు గట్టిగా చెప్పాడు. మూడు నెలలకోసారి వచ్చి పరీక్షలు చేయించుకోవాలి, విరేచనంలో నెత్తురు కనిపిస్తే ఆ రోజే బస్సెక్కాలి, రోగం తిరగబెడితే మొదట్లోనే పట్టుకోవాలి. అమ్మ లేదు. మా ఆయన మస్కట్‌లో ఉన్నాడు. అందుకని కోరుట్ల అత్తగారింటి నుంచి సిరిసిల్ల వచ్చి బాపుకు నేనే కాపలా అయ్యాను.

రెండుసార్లు ఇద్దరం పోయొచ్చాం. మూడోసారి బాపు ఒక్కడే బయలుదేరితే బస్టాండులో పోలీసులు దింపేశారు. "మూడు నెలలకొకపారి పట్నం ఎందుకు పోతున్నవ్? అన్నలకు చీటీలు మోస్తున్నవా?" ఆస్పత్రి కాగితం చూపిస్తే దాని మీదా అనుమానమే. పొద్దంతా ఠాణాలో కూర్చోబెట్టి వదిలారు. వారం తిరగకముందే ఆ అన్నల మనిషి, అడవిలో ఉండే నక్సలైటు ఒకడు వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. "ఠాణాల గంతసేపు ఏం చెప్పినవ్ కాకా?" అని నవ్వుతూనే అడిగాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ తర్వాత పట్నం పేరెత్తితే చాలు, "నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న" అనేవాడు బాపు.

మంచిగా ఉన్న మనిషి ఎప్పుడో వదిలేసిన, నూలుకు రంగు వేసే పని మళ్లీ ఎందుకు పట్టినట్టు? అదీ ఎరుపే. పచ్చరంగు వేయాల్సిన నూలొస్తే పక్కింటికి పంపేవాడు. పంచెల నిండా మరకలు. "రంగే బిడ్డా" అనేవాడు, నేను అడగకముందే. అడగని దానికి జవాబు చెప్పే మనిషిని నేను నమ్మను.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయనే బట్టలుతికి ఉంటే పట్టేవాడు. రంగునీళ్ల గోలెం ముందు కూర్చుని నూలు ముంచేవాడికి రంగు చిందేది మోకాళ్ల మీద. వెనుక మరకేమిటి? ఒక రోజు పంచెను చన్నీళ్లలో నానబెట్టాను. మోకాళ్ల దగ్గరి మరకలు కదల్లేదు. వెనుకది మాత్రం మెల్లగా నీళ్లలోకి దిగింది. నాకు భయం కన్నా ముందు కోపం వచ్చింది.

తెల్లారి, "మా అత్తకు పానం బాగలేదు, కోరుట్లకు పోతున్నం" అని వాడంతా వినేటట్టు చెప్పి బాపును జగిత్యాల బస్సెక్కించాను. అక్కడ దిగి పట్నం బస్సు ఎక్కాం.

డాక్టరు పొట్ట నొక్కి చూస్తూ, నెత్తురు ఎప్పటి నుంచి పడుతోందని అడిగాడు.

"నాలుగొద్దులాయె సారూ" అన్నాడు బాపు.

"అబద్ధం సారూ. ఎర్రరంగు పట్టిన కాన్నుంచి. ఆరు నెలలాయె."

పరీక్షలన్నీ అయ్యాక, రోగం మళ్లీ వచ్చిందని, కాలేయానికి కూడా పాకిందని చెప్పాడు డాక్టరు. బయట బెంచీ మీద కూర్చున్నాక బాపు నా వైపు చూశాడు.

"ఠాణాల పొద్దంత కూసోబెట్టినా నేను ఎవ్వల ముచ్చట చెప్పలే. నా ముచ్చట నువ్వే చెప్పినవ్ గదా బిడ్డా."

చెప్పాను. ఆరు నెలలు ఆలస్యంగా చెప్పాను.