ఖాదర్ మామ ఫోను బంకు

మొన్న జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు వచ్చే బస్సులో కండక్టరు నా పక్కన నిలబడి టికెట్టు మిషను నొక్కాడు. కిర్రుమంటూ కాగితం బయటికి పాకింది. పక్క సీటాయనతో ఏదో పరాచికమాడుతున్న నేను మధ్యలోనే ఆగిపోయాను. "ఏందప్పా, చిల్లర లేదా?" అన్నాడు కండక్టరు. చిల్లర ఇచ్చి టికెట్టు జేబులో పెట్టుకున్నాను. ఆ చప్పుడు నాలుగేళ్లపాటు రోజూ విన్నాను, ఖాదర్ మామ ఫోను బంకులో.

ఇంటింటికీ ఫోన్లు రాని రోజులవి. ప్రొద్దుటూరు బస్టాండు ఎదురుగా పసుపు ఎస్టీడీ బోర్డు, గాజు తలుపు గది, అంకెలు ఎర్రగా వెలిగే బిల్లు మిషను. మామ కువైట్‌లో పన్నెండేళ్లు నీళ్ల ట్యాంకరు తోలి, నడుము పోయాక వచ్చి ఆ బంకు పెట్టుకున్నాడు. నేనూ మా లెక్కల అయ్యవారూ ఎనిమిదో తరగతిలో ఒకరినొకరు భరించలేక విడిపోయాం. ఇరవై రెండేళ్లొచ్చినా ఏ పనిలోనూ నిలవని నన్ను, కేవలం నోరు చూసి పెట్టుకున్నాడు మామ. "ఈడికొచ్చే ఆడోళ్లు ఏడ్చుకుంటానే వస్తారు అబ్బీ. పోయేటప్పుడన్నా నవ్వించి పంపు" అన్నాడు. ఆ పని నాకు బాగా వచ్చు. ఒక ముసలమ్మ ఫోనులో కొడుకుతో గావుకేకలు పెడుతుంటే, "ఓ అవ్వా, ఇంతగా అరిస్తే ఫోనెందుకు? మిద్దెక్కి అరిస్తే చాలు, కువైట్‌కు నేరుగా వినపడ్తాది" అనేవాణ్ణి. కళ్లు తుడుచుకుంటూనే నన్ను తిట్టేది.

దేశాలు నాకు నేర్పింది మామే. "సున్నా సున్నా కొడితే మన దేశం గడప దాటినట్టు. ఆ తర్వాత మూడంకెలు యా వాకిలో చెప్తాయి. తొమ్మిదారైదు కువైట్, తొమ్మిదారారు సౌదీ. ఒక్కంకె తప్పినావంటే మొగుడు ఒక దేశంలో, పెండ్లాము మాటలు ఇంకో దేశంలో." పన్నెండో ఎక్కం రాని నాకు ఆ అంకెలన్నీ నోటికొచ్చాయి. డయలు చేసే ముందు గడియారం చూడమనేవాడు. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. "పాపం, ఆడ ఇంకా తెల్లారలేదు, పండుకోనీ" అని మనుషుల్ని కూర్చోబెట్టి టీ తెప్పించేవాడు.

మామకు ఒక పద్ధతుండేది. మాట్లాడడం అయ్యాక మిషను చీటీ కక్కుతుంది కదా, దాని మీద కొట్టిన నంబరుంటుంది. ఆ ముక్క చించి నీళ్ల డబ్బాలో వేసి, మిగిలిందే చేతికిచ్చేవాడు. "ఏంది మామా, నంబర్లకు స్నానం చేయిస్తాండావా?" అని నవ్వేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు. "ఎవురు యాడుండారో ఆ నంబరే చెప్తాది. మనకు తెలిసిందే ఎక్కువ."

ఆయన భయానికి కారణముంది. అప్పట్లో జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెలన్నీ రెండుగా చీలి ఉండేవి. ఓట్లప్పుడు ఏ పార్టీ తరఫున ఏజెంటుగా కూర్చున్నావన్నదే ప్రాణం మీదికి తెచ్చేది. అలా కూర్చున్న ఓబులేసు, ఇంటి మీద బాంబులు పడ్డాక ఎవరికీ చెప్పకుండా కువైట్ పోయాడు. ఎక్కడున్నాడో తెలిసింది భార్య లక్ష్మీదేవికీ, మా బంకుకూ మాత్రమే. ఆమె జమ్మలమడుగులో ఫోను ముట్టకుండా, ప్రతి శుక్రవారం బస్సెక్కి మా దగ్గరికొచ్చేది.

ఒక శుక్రవారం మామ నమాజుకు పోయాడు. లక్ష్మీదేవి వచ్చింది. ఆ రోజు ఆమె తెచ్చిన నంబరు సున్నా రెండు రెండుతో మొదలైంది. మాట్లాడి, ముఖం వెలిగిపోతూ వెళ్లింది. చీటీ మిషనుకు వేలాడుతూనే ఉంది. ఆమె వెనకే ఒకాయన లోపలికొచ్చాడు. కొడుకును గల్ఫుకు పంపాలన్నాడు. "దేశాలన్నీ నీ నోట్లోనే ఉండాయంటనే! తొమ్మిదేడొకటి యాడిది?" దుబాయ్ అన్నాను. "తొమ్మిదేడు నాలుగు?" ఖతర్ అన్నాను. ఆయన శానా మెచ్చుకున్నాడు. వేలాడే చీటీ చూసి, "మరి ఈ సున్నా రెండు రెండు యా దేశమప్పా?" అన్నాడు.

"దేశం కాదన్నా, బొంబాయి. కువైట్ నుంచి దిగినోళ్లు ముందు ఆడ్నించే మాట్లాడేది. ఇంక రెండు దినాల్లో ఆయమ్మ మొగుడు ఎర్రగుంట్లలో రైలు దిగుతాడు, ఆయమ్మకు మన బంకుతో పని లేదు పో!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన ఫోను చేయకుండానే వెళ్లిపోయాడు. అది కూడా నాకు వింతగా తోచలేదు.

సోమవారం పొద్దున ఎర్రగుంట్ల స్టేషను బయట ఓబులేసును నరికేశారు. కబురు టీ అంగడాయన తెచ్చాడు. మామ నా వైపు చూసి, "శుక్రవారం ఆయమ్మ చీటీ చించినావా?" అని ఒక్కటే అడిగాడు. జరిగింది చెప్పాను. నా మీద చెయ్యెత్తలేదు. గోడకానుకుని కూర్చుండిపోయాడు.

మూడో రోజు లక్ష్మీదేవి అన్న నలుగురు మనుషులతో వచ్చాడు. "ఎవురు చెప్పినారు?" నేను నోరు తెరిచేలోపే మామ లేచి నిలబడ్డాడు. "నేనే అప్పా. నా నోరు జారింది." ఆయన చెంప మీద కొట్టారు. మిషను నేలకేసి కొట్టారు. నేను చూస్తూ నిలబడ్డాను. వాళ్లు పోయాక మామ అన్నాడు: "నన్నైతే ముసలోడని కొట్టి వదిలేసినారు. నిన్నైతే నరుకుతారు అబ్బీ."

మామ దుడ్లకు అమ్ముడుపోయాడని ఊరంతా అనుకుంది. బంకు మూతపడింది. మామ చెన్నూరులో కూతురింటికి చేరాడు. చివరి రోజుల్లో చూడడానికి పోయాను. "మామా, ఇప్పుడన్నా ఆయమ్మకు నిజం చెప్తాను" అన్నాను. మామ తల అడ్డంగా ఊపాడు. "చెప్తే నీ బరువు దిగుతాది. ఆయమ్మకేమొస్తాది? మళ్లీ ఇంకో గొడవకు పోతాడు వాళ్లన్న."

అది నన్ను కాపాడడానికి అన్నాడో, శిక్షించడానికి అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. నాకు అనుకూలంగా ఉందని మాత్రం ఒప్పుకున్నాను.

ఇప్పుడు పులివెందులలో నాకు సెల్‌ఫోన్ల అంగడి ఉంది. లక్ష్మీదేవి ఆ ఊళ్లోనే కూతురి దగ్గరుంటోంది. రీఛార్జికి నా దగ్గరికే వస్తుంది. "నువ్వు మంచోడివప్పా, ఆ బంకులో నువ్వొక్కడివే మంచోడివి" అంటుంది. ఆమెకు చదువు రాదు, నేను రాసే ఈ మాటలు ఆమె కంటపడవు. ఆమె ఆ మాటన్నప్పుడల్లా నేను తల వంచుకుని ఆమె నంబరు నొక్కుతాను.