బోణీ కాని మూట

కుడి రెక్క లేవని మనిషిని చూస్తే లోకం రెండే మాటలంటుంది: గాలి సోకిందని, లేదా పని దొంగ అని. నన్ను రెండూ అన్నారు. ఊళ్లో ఒక్కరూ నా భుజానికి మూట కట్టిన తాడు వంక చూడలేదు. ఆ కోపం ఈ వయసులోనూ చల్లారలేదు.

నైజాం పోయి, ఆంధ్రప్రదేశ్ ఇంకా రాని రోజులు. మాది కరీంనగర్ వైపు నేతపల్లె. ఇంట్లో ఒకటే గుంట మగ్గం. చూపు తగ్గిందని బాపు దిగిపోయాక దాని మీద కూర్చునేది నేనే. కుడిచేత్తో తాడు గుంజితే నాడె దారం మోసుకుని ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికేది. ఆ చెయ్యి ఆడితేనే మా పొయ్యి వెలిగేది. ఎండలు ముదరకముందే చీరలు మూటగట్టి, ధర్మపురి దగ్గర గోదావరి దాటి, జైనూర్ గుట్టల్లోని గూడాలకు అమ్మబోయేవాళ్లం.

మా ఇళ్లలో ఒక కట్టడి ఉండేది. కొత్త బట్టల మూట వీపుకెత్తాక బోణీ అయ్యేదాకా నేలకు దించకూడదు. దించితే ఆ తిరుగుడంతా సరుకు కదలదని నమ్మకం. పడవలో తల మీద, బస్సులో ఒళ్లో, ఎవరైనా వాలిస్తే మంచం మీద పెట్టుకోవచ్చు. రాయి మీద పెట్టినా నేల మీద పెట్టినట్టే.

ఆ ఏడు మూట ఎప్పటికన్నా బరువు. మిగిలిన పడుగు దారాలతో తాను పేనిన సన్నతాడును బాపు నా కుడి భుజం మీదుగా తెచ్చి రొమ్ము మీద ముడేశాడు.

"జర బిగువైంది బాపూ."

"బిగువుంటెనే జారది. బోణీ అయ్యేదాంక దించకు, యాదుంచుకో."

బస్సు దిగి పొద్దున్నే గుట్టెక్కాను. మొదటి గూడెంలో కుక్కలు తప్ప ఎవరూ లేరు. అందరూ ఇప్పపువ్వు ఏరబోయారు. రెండోదాంట్లో ఒక పెద్దమనిషి మూట దించమన్నాడు. మంచమేస్తే దించుతానన్నాను.

"మంచమెయ్యనీకి నువ్వేమన్న అల్లునివా?" అని నవ్వుకుంటూ లోపలికి పోయాడు.

అక్కడి నుంచి దారంతా ఎక్కుడే. చెట్టు కొమ్మకు తగిలించొచ్చు కదా అని ఇప్పుడు అడిగేవాళ్లున్నారు. తగిలిస్తే మళ్లీ ఒక్కణ్ణే ఎత్తుకోలేను. మధ్యాహ్నం దాకా భుజం సలిపింది. పొద్దు వాలేసరికి నొప్పి పోయింది. వేళ్లు తిమ్మిరెక్కినా, అలవాటు పడ్డానులే అని సంతోషించాను కూడా.

మూడో గూడెంలో ఒక ముసలమ్మ మంచం వాల్చింది. మూట దించి, ముడి విప్పి, పచ్చంచు చీర చూపబోతే చెయ్యి లేవలేదు. తొడ మీద పడి ఉంది, ఎవరిదో చెయ్యిలాగ.

"ఏంది తమ్మీ, అమ్మనొచ్చినవా, దాసుకోనొచ్చినవా?"

"చెయ్యి లేస్తలేదవ్వా."

"ధర గిట్టకుంటె మా ముసలోనికి గూడ గిట్లనే లేవదు" అని పక్కవాళ్లను నవ్వించి, నా ముఖం చూసి నవ్వు ఆపింది. చీర తానే మూటలోంచి తీసి కొనుక్కుంది. బోణీ అయింది.

ఇంటికి వచ్చాక అవ్వ, అదే మా అమ్మ, అన్నం కలిపి పెట్టింది. పెళ్లీడు కొడుకుకు ముద్దలు పెడుతూ ఆమె నా ముఖం చూడలేదు. గాలి సోకిందని కాల్చిన కడ్డీతో భుజం మీద సురుకులు పెట్టించారు. కాలిన చర్మం వాసన ముక్కుకు తగిలింది, మంట మాత్రం తెలియలేదు. దానికి భయపడింది నేనొక్కణ్ణే. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. గుంటలోకి దిగి, తాడును మణికట్టుకు కట్టుకుని ఒళ్లంతా వెనక్కి వేసి గుంజేవాణ్ణి. నాడె సగం దాకా పోయి దారాల్లో చిక్కుకునేది. తీసి మళ్లీ గుంజేవాణ్ణి. మళ్లీ చిక్కుకునేది.

చివరికి దవాఖానాకు పోతే డాక్టరు తాడు కోసిన గుర్తు చూసి, కింద నరం నలిగిందన్నాడు. మందు లేదు, బరువు మొయ్యకుంటే చెయ్యి తిరిగి వస్తే రావచ్చు.

"ఎన్నడొస్తది సారూ?"

"చెప్పలేను."

బయట బాపు గొణిగాడు: "గిన్నేండ్లు మేం మోయలేదా? మా నరాలు నలిగినయా?" అంటూనే జారిన రుమాలును ఎడమచేత్తో చుట్టుకున్నాడు. కుడిచెయ్యి రొమ్ము దాటి లేవలేదు. ఏండ్ల తరబడి చూస్తున్నదే, ఆ రోజు కళ్లకు ఆనింది. చూపు తగ్గిందన్న మనిషి సూదిలో దారం ఎలా ఎక్కిస్తున్నాడని మేమెవరం అడగలేదు.

"పోయింది కండ్లు గాదు గదా బాపూ, రెక్క" అన్నాను. ఆయన నాకన్నా ముందు నడిచాడు. తన రెక్క పోయింది ఇలాగేనని తెలిసి కూడా నా భుజానికి అలాంటి తాడే కట్టాడు.

మరుసటేడు, నా బదులు మగ్గం మీద కూర్చున్న తమ్ముడి వీపుకు అలాంటి మూటే ఎత్తారు. బాపు ముడేస్తుంటే నేను మూటను ఎడమచేత్తో పట్టి గుంజాను. వాకిట్లో అందరి ముందు మూట మట్టిలో పడింది. అవ్వ నెత్తి కొట్టుకుంది.

"ఇగ మట్టి తగిలింది. తోవల ఏడ అలిసినా దించుకో" అన్నాను తమ్ముడితో.

వాడు సగం సరుకు మిగుల్చుకుని వచ్చాడు. బాపు దాన్ని నా ఖాతాలోనే వేసి, వానాకాలమంతా నాతో మాట్లాడలేదు. వాడు మాత్రం వచ్చిన మర్నాడే గుంటలోకి దిగి తాడు గుంజాడు. నాడె ఆ కొస దాకా ఉరికింది. గోడవార కూర్చుని, ఎడమచేత్తో రాట్నం తిప్పుతూ, నేను వాడికి దారం కండెలు చుట్టాను. కొన్నాళ్లకు నా కుడిచెయ్యి అన్నం ముద్ద నోటికి తెచ్చేంతగా కోలుకుంది. మగ్గం తాడు గుంజేంత బలం మాత్రం మళ్లీ రాలేదు.