రాతి తొట్టిలోంచి ఉప్పు తీసిన అంకుల్

కబురు అందినప్పుడు నేను సింగపూర్‌లో జురాంగ్ ఈస్ట్ స్టేషనులో ట్రైను కోసం నిలబడి ఉన్నాను. ఆయన్ని చూడడానికే ఆస్పత్రికి బయలుదేరాను. ఫోనులో వాళ్ళమ్మాయి ఏడవలేదు. "ఆంటీ, నాన్న వెళ్ళిపోయారు. పొద్దున ప్రార్థన చేయించుకుని పడుకున్నారు, నిద్రలోనే ప్రభువు దగ్గరికి పోయారు," అంది. కాస్త ఆగి, "శనివారం మానొద్దని మీకు చెప్పమన్నారు," అంది. ఆ రోజు గురువారం. ట్రైను వచ్చి వెళ్ళింది. ఇంకొకటి కూడా వెళ్ళింది. అప్పుడు నేను ఇంటికి తిరిగొచ్చి, శనివారానికి కావలసిన కాగితం నానబెట్టాను.

ఆ కాగితం ఎందుకో తెలియాలంటే ఆయనెవరో ముందు చెప్పాలి.

మా చర్చిలో ఆయన్ని పిల్లలూ పెద్దలూ అందరూ అంకుల్ అనే పిలిచేవాళ్ళం. ఆయన తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లో పనికి వచ్చారట. అంకుల్ సింగపూర్‌లోనే పుట్టి, సమాధుల రాళ్ళ మీద పేర్లు చెక్కి బతికారు. చైనీస్ అక్షరం ఒక్కటీ చదవలేరు, కానీ కాగితం మీద రాసిచ్చినది గీత పోకుండా రాతి మీదికి దించేవారు. "సదవడం వస్తే దిద్దాలనిపిస్తాది. రాకపోడమే మంచిది," అని నవ్వేవారు. ఆయన మాటలో తాతగారి యాస అలాగే ఉండేది, మధ్యమధ్యలో తమిళం, మలయ్ వచ్చి చేరేవి.

పని మానేశాక ఆయన మా చర్చిలోని బాప్తిస్మపు తొట్టిని చూసుకునేవారు. వాకిలి దాటగానే కుడి పక్కన ఉంటుంది. ఎనిమిది పలకల రాతి తొట్టి. ఇంగ్లండులో ఏదో పల్లె చర్చిలో ఐదారు వందల ఏళ్ళ కిందట చెక్కినదనీ, ఆ చర్చి పాడుబడితే దొరల కాలంలో ఓడ మీద ఇక్కడికి తెచ్చారనీ పెద్దవాళ్ళు చెబుతారు. ఒక్కో పలక మీద ఒక్కో దేవదూత. కింద స్తంభం చుట్టూ నాలుగు సింహాలు. లోపల సీసపు రేకు పరిచి, నీళ్ళు నేలలోకి పోవడానికి అడుగున కన్నం పెట్టారు. నా పిల్లలిద్దరూ బాప్తిస్మం పొందింది ఆ నీళ్ళతోనే.

ఆయన సీటు తొట్టి పక్కన చివరి బెంచీలో. తను ఆలస్యంగా వచ్చినా ఎవరూ కూర్చోకుండా ముందురోజే అక్కడ ఒక టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోప్ చేసేవారు, సీటు పట్టుకోవడాన్ని ఇక్కడ అలాగే అంటారు. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో బల్ల పట్టుకున్నట్టు దేవుడి మందిరంలోనా అని పాస్టరు అయ్యగారు అడిగితే, దేవుడు తన సీటుకి ప్యాకెట్టు పెట్టుకోలేదు గనక తప్పులేదన్నారు. పిల్లలు సింహాల నోట్లో వేళ్ళు పెడితే కోప్పడేవారు కాదు. ఇన్ని వందల ఏళ్ళు చేతులు తగిలే అది ఇంత నునుపు తేలిందనేవారు. ఆ రాయిని ఆయన చూపించినట్టు నాకెవరూ చూపించలేదు. అంచు మీద విరిగిన రెండు ఇనుప ముక్కలు చూపించి, ఒకప్పుడు మూతకి తాళం వేసేవాళ్ళనీ, జనం ఆ నీళ్ళు ఎత్తుకుపోతారని భయమనీ చెప్పారు. ఆరు పలకలు ఒక చేయి చెక్కిందట, రెండు పలకలు నేర్చుకుంటున్నవాడి చేయి. ఆ రెండింటిలో దూతల వేళ్ళు అయిదూ ఒకే పొడవు. వెనక పలక మీద ఒక దూతకి ముఖమే లేదు. బొమ్మలు పాపమని ఆ దేశంలో గొడవలు జరిగిన రోజుల్లో ఎవరో సుత్తితో కొట్టారట.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

నేను గుంటూరు జిల్లా పల్లె నుంచి పెళ్ళయి ఇక్కడికి వచ్చాను. పదో తరగతి దాకా చదివాను. నా గొంతు పక్కనున్నవాళ్ళకే సరిగా వినిపించదు. అందుకే పాటల బృందంలో కాక శుభ్రం చేసే బృందంలో చేరాను. రెండేళ్ళ కిందట ఈస్టర్ ముందు వారం, ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లన్నీ మా అమ్మ తోమినట్టే చింతపండూ కళ్ళుప్పూ వేసి తోమాను. బంగారంలా మెరిశాయి. గిన్నెలో గుజ్జు మిగిలింది. వాకిలి వైపు తిరిగి ఉన్న దూతల ముఖాలు పొగచూరి నల్లగా కనిపించాయి. పండుగనాడు ప్రభువు ఇంట్లో వాళ్ళెందుకు నల్లగా ఉండాలనిపించింది. మిగిలిన గుజ్జుతో మూడు పలకలు తోమాను. గుజ్జు అయిపోయింది గనక ఆగాను. తోముతున్నంతసేపూ కీర్తన పాడుకున్నాను కూడా.

ఈస్టర్‌నాడు అందరూ మెచ్చుకున్నారు. ఎవరో ఉత్త నీళ్ళతో కడిగారని అంకుల్ అనుకున్నారట. మూడు నెలలకి తొట్టి కింద తెల్లటి పొడి కనిపించింది, బియ్యప్పిండి రాలినట్టు. తుడిస్తే మర్నాటికి మళ్ళీ వచ్చేది. ఒక దూత ముక్కు కొస ఊడిపోయింది.

అంకుల్ ఆ పొడిలో వేలు అద్ది నాలుక మీద పెట్టుకున్నారు. చుట్టూ చూశారు. నేను చెప్పకముందే నా ముఖం చెప్పేసింది. "ఏటి పెట్టి తోమినావమ్మా?" అన్నారు.

చెప్పాను. ఆయన బెంచీ మీద కూలబడ్డారు. అది సున్నపురాయట. పులుపు దాని పైపొరని తినేసింది. ఉప్పేమో నీళ్ళతో పాటు లోపలికి దిగింది. గాలిలో తేమ మారినప్పుడల్లా ఆ ఉప్పు లోపలే గట్టిపడి రాతిని బయటికి తోస్తుందట. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఓదార్చలేదు. ముఖం లేని దూత వైపు చూపించి, "ఆడు కోపంతో కొట్టినాడు, ఒక్క దెబ్బ, పైనే ఉండిపోనాది. నువ్వు ప్రేమతో తోమినావు. అది లోనికి పోనాది," అన్నారు. తరువాత చాలాకాలం ఆ మాట నన్ను గుచ్చింది. ఇప్పుడు గుచ్చడం లేదు, నడిపిస్తోంది.

ఈలోగా చర్చి కమిటీ వాళ్ళకి పొడి కనిపించింది. రాయి శిథిలమవుతోంది గనక కింద హాల్లో గాజు పెట్టెలో పెట్టి, బాప్తిస్మాలకి స్టాండు మీద ఒక గాజు గిన్నె వాడదామన్నారు. అంటే నా చేత్తోనే ఆ తొట్టికి నీళ్ళు లేకుండా పోతాయి. అంకుల్ మాట్లాడి ఆపుతారని ఆశపడ్డాను. ఆయన నన్నే మాట్లాడమన్నారు. నాకు ఇంగ్లీషు రాదు, గొంతు లేదు అన్నాను. "గొంతు నాకుంది. తప్పు నీది. నాను పక్కన నిలబడతాను, నువ్వు సెప్పు," అన్నారు.

కమిటీ పెద్ద ఒక చైనీస్ ఆవిడ, రిటైరైన హెడ్మిస్ట్రెస్. నేను వారం రోజులు వల్లెవేసిన ఇంగ్లీషులో, తొట్టిని పాడుచేసింది నేనే, చింతపండుతోనూ ఉప్పుతోనూ అని చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి, "అసామ్ ఆ, ఆంటీ?" అన్నారు. అసామ్ అంటే ఇక్కడ చింతపండే. చివర కూర్చున్న ఒకాయన, దేవదూతలకి చేపల పులుసు పెట్టేశారు అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడు అంకుల్ ఒక్క సంవత్సరం అడిగారు. అప్పటికీ పొడి రాలుతుంటే తనే మోసుకెళ్ళి గాజు పెట్టెలో పెడతానన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ఎలా మోస్తాడని ఎవరూ అడగలేదు.

బయటికొచ్చాక నేను మళ్ళీ క్షమించమన్నాను. ఆయన విసుక్కున్నారు. "సారీ ఒక్కరోజు పని. మనకి యాభై రెండు శనివారాలున్నాయి."

ఆ పని ఇలా ఉండేది. రంగూ వాసనా లేని టిష్యూ కాగితాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మా ఇంటి ఇడ్లీ గ్రైండర్లో మెత్తగా రుబ్బి, ఆ ముద్దని డబ్బాలో పోసి ట్రైనులో తీసుకెళ్ళేదాన్ని. ఇడ్లీల్లో టిష్యూ తింటున్నామని మా అబ్బాయి ఇంగ్లీషులో గోల చేసేవాడు. ఆ ముద్దని మూడు పలకలకీ వేలెడు మందాన పట్టించాలి. అది ఆరుతూ ఆరుతూ రాతి లోపలి ఉప్పుని తనలోకి లాక్కుంటుంది. వారం ఆగి పొరగా ఒలిచి, మళ్ళీ కొత్త ముద్ద పెట్టాలి. ఒలిచిన ప్రతి పొర నుంచి చిన్న ముక్క తుంచి అంకుల్ నాలుక మీద వేసుకునేవారు. డాక్టరు ఆయనకి ఉప్పు మానిపించాడు. తనకి దొరికే ఉప్పు ఇదొక్కటేననీ, ఇదీ తగ్గిపోతోందనీ ఫిర్యాదు చేసేవారు. నేను త్వరగా పట్టించబోతే చేయి పట్టుకుని ఆపేవారు. "పెలాన్, పెలాన్. నెమ్మదిగా. రాయికి తొందర నేదు, నీకేటి తొందర?"

ఒక శనివారం ఆయన కాఫీ తాగుతూ, ఎందుకింత పట్టుదల అని నేనడిగితే చెప్పారు. బతుకంతా పోయినవాళ్ళ రాళ్ళే చెక్కారట. ఆయన చేతి కింద పసివాళ్ళ కోసం ఉన్న రాయి ఇదొక్కటే. "నీళ్ళు నేని తొట్టి ఉత్త రాయమ్మా. అలాటివి నాను సాలా సెక్కినాను," అన్నారు.

ఎనిమిదో నెలకి ఆయన చేతులు వణకసాగాయి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను పట్టించేదాన్ని. పదో నెలలో ఆస్పత్రిలో చేరారు. అప్పటికి రెండు పలకలు చప్పబడ్డాయి. మూడోది, నేను అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువ తోమిన పలక, తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఉప్పగా తేలింది. దాని మీంచి ఒలిచిన పొర ముక్కని చిన్న డబ్బాలో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. ఆయనకి చూపించాలా వద్దా అని దారంతా ఆలోచించాను. నాకు ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాచకుండా చెబుతాను: సంవత్సరం నిండాక కమిటీ పరీక్ష చేసే రోజుకి ముందు ఆ పలకని బాగా తుడిచేస్తే ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను.

ఆయన ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. "ఉంది. ఇంకా ఉంది." నేనేం చేయాలని అడిగాను. "ఉన్నది ఉన్నట్టు సెప్పు. ఇంకా టైము అడుగు. ఈసారి పక్కన నానుండను, అంతే తేడా."

నాతో ఆయన నేరుగా అన్న చివరి మాటలు అవే. ఆ తరువాత నాలుగు రోజులకి ఫోను వచ్చింది.

భూస్థాపన శుక్రవారం జరిగింది. శనివారం ఉదయం నేను డబ్బాతో చర్చికి వెళ్ళాను. వాచ్‌మన్ తలుపు తీసి, ఇవాళ కూడానా ఆంటీ అన్నాడు. అవునన్నాను. పాత పొర ఒలిచి, ముక్క తుంచి, మొదటిసారి నా నాలుక మీదే వేసుకున్నాను. ఉప్పగా ఉంది. కొత్త ముద్ద పెట్టాను. అలా ఏడు శనివారాలు ఒక్కదాన్నే చేశాను.

పరీక్ష రోజున పాత రాతి కట్టడాల పని తెలిసిన ఒక అమ్మాయిని కమిటీ వాళ్ళు పిలిపించారు. ఆమె భూతద్దం తీయకముందే నేను లేచి, రెండు పలకలు బాగున్నాయి, ఒక పలకలో ఇంకా ఉప్పు ఉంది, ఇంకో సంవత్సరం కావాలి, నేను ప్రతి శనివారం వస్తాను అని చెప్పాను. గట్టిగా వినిపించలేదని చివరి వరుసలో అన్నారు. మళ్ళీ చెప్పాను. ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూసింది. ఈ కాగితపు పని ఎవరు నేర్పారని అడిగింది. చెప్పాను. రాయి నిలబడుతోందనీ, కదిలిస్తేనే ప్రమాదమనీ, లోపల సీసం ఉంది గనక నీళ్ళు పోసుకోవచ్చనీ చెప్పింది. హెడ్మిస్ట్రెస్ ఆవిడ కమిటీ వైపు ఒకసారి చూసి, గాజు పెట్టె మాట ఇక వద్దని రాసుకోమన్నారు. తరువాత నా దగ్గరికొచ్చి, ముద్ద పట్టించడం తనకీ నేర్పుతారా అని అడిగారు. ఇప్పుడు శనివారం ఇద్దరం.

పోయిన ఆదివారం పాసిర్ రిస్ నుంచి ఒక తెలుగు జంట తమ పాపని తెచ్చారు. తొట్టి నిండా నీళ్ళు పోశారు. అయ్యగారు మూడుసార్లు దోసిలి ఎత్తారు. పాప తల అటూ ఇటూ తిప్పడంతో కొన్ని నీళ్ళు అంచు దాటి, నేను మొదట తోమిన ఆ మూడో పలక మీదికి జారాయి. దూత నుదుటి నుంచి గడ్డం దాకా ఒక నల్లటి తడి చార దిగింది. అందరూ పాట ఎత్తుకున్నారు. నేను పాడలేదు, ఆ చారనే చూస్తూ నిలబడ్డాను. రెండో చరణానికి నుదురు ఆరింది, మూడో చరణానికి చెంప. చార పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా తరిగిపోయింది. ఆరినంత మేరా, ఎక్కడా తెలుపు లేకుండా, రాయి రాయి రంగులోనే ఉంది.