రేపల్లెలో ఆగాల్సిన ప్రోటాన్

రేపల్లె రైలెక్కబోయి బాపట్లలో తేలాలంటే ఎంత చదువు కావాలో తెలుసా? ఫిజిక్సులో పీజీ చాలు. చెన్నైలో ప్రోటాన్లతో క్యాన్సర్‌కి వైద్యం చేసే ఆసుపత్రిలో కొత్తగా చేరాను. కాళ్లు నేల మీద ఆనని రోజులవి.

మా మేనత్త సుగుణమ్మ రేపల్లెలో టీచరుగా చేసి రిటైరైంది. వెన్నెముక పక్కన గడ్డ. నేను వెంటబెట్టుకుని వెళ్లిన రోజు, స్కానింగు చూసిన తెనాలి డాక్టరుగారు చెన్నై వెళ్లి ప్రోటాన్ వైద్యం చేయించుకోమన్నారు. ఆవిడ ససేమిరా అంది. ఇల్లు చేరేలోగా ఒప్పించే పూచీ నాదని మామయ్యకి ఫోనులో గొప్పగా చెప్పేశాను.

తెనాలి స్టేషన్లో ఆగి ఉన్న రైలు ఎక్కిస్తుంటే, "ఇది మన రైలేనంటావా?" అంది. కిరణాల దారి లెక్కగట్టేవాణ్ణి పట్టుకుని రైలు దారి అడగడమేంటని నవ్వేశాను.

కూర్చోగానే మొదలెట్టాను. ప్రోటాన్ కిరణం గడ్డ దాకా వెళ్లి అక్కడే ఆగిపోతుందని, వెనకున్న వెన్నుపాము జోలికి పోదని చెప్పాను. అది వెళ్లేటప్పుడు ఒంట్లోంచి గామా కిరణాలు బయటికొస్తాయి. వాటిని పట్టుకునే పరికరం పక్కన పెట్టి, కిరణం ఎక్కడిదాకా వచ్చిందో కనిపెడతాం. ఆ పరికరం దగ్గరే నా ఉద్యోగం.

"లెక్క వేసే పంపుతారుగా. మళ్లీ కాపలా ఏంటి? మీ లెక్క మీద మీకే నమ్మకం లేదా?"

ఆవిడ భయమంతా అదే. నాకేమో పౌరుషం పొడుచుకొచ్చింది.

"మా లెక్క తప్పదత్తయ్యా. రేపల్లె దాటి రైలు పోతుందా?"

"పోదు. పట్టాలే లేవుగా."

"ప్రోటానూ అంతే."

పెట్టెలో అందరూ వింటున్నారని గొంతు పెంచాను. రేపల్లె దారిలో రావాల్సిన వేమూరు ఇంకా రాలేదేంటని అత్తయ్య కిటికీలోంచి చూడబోతే చూడనివ్వలేదు. చివరికి ఖాళీ చేపల గంపతో ఎదురుగా కూర్చున్నావిడ జాలిపడి, "ఈ రైలు రేపల్లె పోదండి. వచ్చేది బాపట్ల. సూర్యలంక బీచికైతే ఇక్కడే దిగాలి," అంది.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతితోపాటు రైలు కూడా పోయింది.

బాపట్ల స్టేషన్లో దిగి బెంచీ మీద కూర్చున్నాం. ఇక ఈ జన్మలో చెన్నై మాట ఎత్తనివ్వదని నాకు ఏడుపొచ్చింది. "లెక్క తప్పింది," అని గొణిగాను. అంతే, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

"మామయ్యకి ఫోను చెయ్యి. చెన్నై వెళ్తానని చెప్పు."

ఫోను తీస్తూ, ఇప్పుడెలా ఒప్పుకున్నావని అడిగాను.

"కాపలా ఎందుకో నువ్వు చెబితే అర్థం కాలేదురా, చూపిస్తే అర్థమైంది. మీలాంటోళ్లు పంపే కిరణానికి ఆ పరికరం ఉండి తీరాలి."

అత్తయ్య ఇప్పుడు బాగుంది. నేను ఏ రైలెక్కినా ఫోను చేసి, "ఎక్కడిదాకా వచ్చావు?" అని అడుగుతుంది. నా మటుకు నేను బాపట్ల ప్లాట్‌ఫారం సాక్షిగా ఒట్టేసుకున్నాను: ప్రోటాన్లని ఎంత దూరమైనా పంపుతాను గానీ, "ఇది రేపల్లె వెళ్తుందాండీ?" అని పెట్టెలో ప్రతి ఒక్కరినీ అడగందే తెనాలిలో రైలెక్కను.